తేలిక సుత్తి, బరువైన ధర



ఈ రోజు మనం ఒక చిన్న పనిముట్టు గురించి మాట్లాడుకుందాం. చిన్నదే గాని, అది లేని వృత్తి అరుదు. అదే సుత్తి. వడ్రంగి చేతిలో ఒక తీరుగా, కమ్మరి చేతిలో ఒక తీరుగా, రాయి కొట్టేవారి చేతిలో మరొక తీరుగా ఉంటుంది. వేల ఏళ్లుగా మనిషి చేతిని వదలని వస్తువు. ఇప్పుడు దీనికి ఒక కొత్త రూపం వచ్చింది. టైటానియం అనే లోహంతో చేసిన తేలికపాటి సుత్తి. ధర మాత్రం తేలిక కాదు. అమెరికాలో ఇలాంటి సుత్తులు 100 డాలర్ల నుంచి 250 డాలర్ల పైదాకా పలుకుతున్నాయి. డాలరు 80 రూపాయలు దాటి చాలాకాలమైంది కాబట్టి, ఆ ధర మన లెక్కలో 8,000 రూపాయల నుంచి 20,000 పైమాటే. తెప్పించుకునే ఖర్చు, దిగుమతి సుంకం వేరు. మరి అంత డబ్బు పెట్టి ఒక సుత్తి కొనవచ్చునా అన్నదే ఈనాటి మన ప్రశ్న.

ఎక్కడో అమెరికాలో అమ్మే సుత్తి గొడవ మనకెందుకు అని మీరు అడగవచ్చు. ఇప్పుడు దూరం అనేది పోయింది. బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని సిరిగేరిలో ఒక వడ్రంగి కుర్రవాడు, మధ్యాహ్నం అన్నం తిని వేపచెట్టు కింద కూర్చుని సెల్‌ఫోను తెరిచాడనుకోండి. అందులో ఒక తెల్లదొర నీలిరంగు సుత్తి పట్టుకుని, జానెడు మేకును రెండు దెబ్బలతో దూలంలోకి దించుతూ కనిపిస్తాడు. కుర్రవాడు పక్కనున్న పెద్దాయనకు చూపిస్తాడు.

"మామా, ఇది చూడు. ఎంత తేలిగ్గా కొడుతున్నాడో. చెయ్యి నొప్పి కూడా రాదంట."

"బాగానే ఉందిరా అబ్బీ. ధర ఎంతంట?"

కుర్రవాడు ధర చెబుతాడు. పెద్దాయన ఏమీ అనడు. తన కుడి మోచేతిని ఎడమ చేత్తో ఒకసారి రుద్దుకుంటాడు.

ఆ ఇద్దరూ అడుగుతున్నది న్యాయమైన సంగతే. కుర్రవాడికి ముందు ముప్పై ఏళ్ల పని ఉంది. పెద్దాయనకు వెనక ముప్పై ఏళ్ల నొప్పి ఉంది. కాబట్టి దీనిని ఒక వింత వస్తువుగా నవ్వి తీసిపారేయకుండా, లెక్క కట్టి చూద్దాం.

ముందు ఈ టైటానియం ఏమిటో తెలుసుకుందాం. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం గ్రెగర్ అనే మతగురువు 1791లో నల్లని ఇసుకలో దీని జాడ కనిపెట్టాడు. జర్మన్ శాస్త్రవేత్త క్లాప్రోత్ 1795లో దీనికి గ్రీకు పురాణాల్లోని టైటాన్ల పేరు పెట్టాడు. పేరు వచ్చింది గాని లోహం చేతికి రావడానికి వందేళ్లకు పైగా పట్టింది. 1910లో హంటర్ అనే శాస్త్రవేత్త శుద్ధమైన టైటానియం తీశాడు. ఆ తరువాత లక్సెంబర్గ్ దేశస్థుడు విలియం క్రోల్ కనిపెట్టిన పద్ధతితో, 1940ల చివరినాటికి అది కర్మాగారాల్లో తయారుకావడం మొదలైంది.

ఇది అరుదైన లోహమా అంటే కాదు. భూమి పైపొరలో ఎక్కువగా ఉండే మూలకాల్లో ఇది తొమ్మిదోది. మన శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల్లోని నల్ల ఇసుకలో ఇల్మనైట్ అనే ఖనిజం ఉంది. అందులో టైటానియం ఉంది. కేరళలోని చవర తీరంలోనూ ఉంది. అయినా ఇంత ఖరీదెందుకంటే, ఆ ఇసుకలోంచి దానిని విడదీయడం కష్టం. ఇనుప రాతిని బొగ్గుతో కలిపి కొలిమిలో కరిగిస్తే ఇనుము వస్తుంది. సండూరు కొండల రాయి తోరణగల్లు కర్మాగారంలో ఉక్కుగా మారడం మన బళ్లారి వారికి కొత్త కాదు. టైటానియం అలా లొంగదు. వేడెక్కితే చాలు, గాలిలోని ఆక్సిజన్నూ నైట్రోజన్నూ పీల్చుకుని పెళుసుబారిపోతుంది. అందుకని ముందు దానిని క్లోరిన్‌తో కలిపి ద్రవంగా మార్చి, గాలి తగలని పాత్రలో మెగ్నీషియంతో విడగొట్టాలి. అప్పుడు స్పాంజి లాగా చిల్లులున్న ముద్ద వస్తుంది. దానిని మళ్లీ గాలి లేని కొలిమిలో కరిగించాలి. ఇంత తతంగం జరిగితేగాని కడ్డీ చేతికి రాదు.

ఈ పనిలో మన తెలుగునాటికీ పాత్ర ఉంది. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల ఈ స్పాంజి తయారీ పద్ధతిని రూపొందించింది. దాని ఆధారంగా చవరలో ఏడాదికి 500 టన్నుల సామర్థ్యం గల కర్మాగారం 2011లో ప్రారంభమైంది. హైదరాబాదులోనే 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ టైటానియం కడ్డీలు, రేకులు తయారు చేస్తుంది. మన రాకెట్లలో ఇంధనపు తొట్లకు, విమానాల భాగాలకు, విరిగిన ఎముకలకు వేసే పట్టీలకు ఈ లోహం వాడతారు. తుప్పు పట్టదు, తేలిక, బలం ఎక్కువ. ఘన సెంటీమీటరు ఉక్కు దాదాపు 7.8 గ్రాములు తూగితే, టైటానియం 4.5 గ్రాములే తూగుతుంది. అంటే ఒకే పరిమాణంలో చేసిన రెండు వస్తువుల్లో టైటానియందే సుమారు నలభై వంతుల బరువు తక్కువ.

ఇక్కడ ఒక సందేహం రావాలి. సుత్తికి బరువే గదా ప్రాణం? బరువు తగ్గిస్తే దెబ్బ తగ్గదా?

మన పిల్లలను అడిగే పాత పొడుపు ఒకటుంది. కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అని. తొందరపడినవాడు ఇనుము అంటాడు. ఈ సుత్తి సంగతి కూడా అలాంటిదే. 400 గ్రాముల టైటానియం తల ఎంత వేగంతో వస్తే ఎంత దెబ్బ తగులుతుందో, 400 గ్రాముల ఉక్కు తల అంతే వేగంతో వస్తే దాదాపు అంతే తగులుతుంది. లోహానికి మంత్రమేమీ లేదు. కిలో కిలోయే.

మరి లాభం ఎక్కడ? వేగంలో ఉంది. దెబ్బలోని శక్తి రెండింటి మీద ఆధారపడుతుంది, బరువు మీద, వేగం మీద. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. అందుచేత బరువు కొంత తగ్గించి, ఆ మేరకు చేతి విసురు పెంచగలిగితే మేకు అదే లోతు దిగుతుంది. అమెరికాలో స్టిలెట్టో వంటి పేర్లతో అమ్మే 14 ఔన్సుల టైటానియం సుత్తి, 24 ఔన్సుల ఉక్కు సుత్తికి సరితూగుతుందని అమ్మేవారు చెప్పుకుంటారు. ఔన్సు అంటే 28 గ్రాములు. అంటే 400 గ్రాముల సుత్తి 680 గ్రాముల సుత్తి పని చేస్తుందన్నమాట. లెక్క వేసి చూస్తే, అలా జరగాలంటే తేలిక సుత్తిని సుమారు ముప్పై వంతులు ఎక్కువ వేగంతో విసరాలి. పొడవైన పిడి ఉంటే, విసురు నేర్చిన చేయి ఉంటే, అది కొంతవరకు సాధ్యమే. కాని సుత్తిని లేపేటప్పుడు సుత్తి ఒక్కటే లేవదు, చేయి కూడా లేస్తుంది. చేతి బరువు తగ్గదు గదా. కాబట్టి సుత్తి ఎంత తేలికైతే చేయి అంత వేగంగా తిరుగుతుందనుకోవడం పూర్తిగా నిజం కాదు. అమ్మేవారి మాటలో కొంత నిజం, కొంత అంగడి మాట.

అయితే అక్కడి వడ్రంగులు ఊరికే కొనడం లేదు. వారి పని వేరు. అమెరికాలో ఇళ్లలో ఎక్కువ భాగం కర్రతో కట్టేవే. గోడ చట్రం కర్ర, కప్పు చట్రం కర్ర, నేల కింద దూలాలు కర్ర. అన్నిటినీ కలిపేది మేకులే. ఒకప్పుడు అక్కడి ఇళ్ల చట్రాలు కట్టే పనివాడు 600 నుంచి 800 గ్రాముల ఉక్కు సుత్తితో, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మేకులు కొట్టేవాడు. తల ఎత్తి, చేతులు భుజాల పైకి లేపి కొట్టే పని అందులో చాలా ఉండేది. అలాంటివాడి సుత్తి నుంచి 280 గ్రాములు తగ్గించామనుకోండి. రోజుకు వెయ్యి దెబ్బలు అనుకుంటే, అతని చేయి రోజుకు 280 కిలోలు తక్కువ లేపుతుంది. మన 75 కిలోల వడ్ల మూటల లెక్కలో నాలుగు మూటలకు కొంచెం తక్కువ. రోజూ నాలుగు మూటల బరువు భుజం మీద నుంచి దించడమంటే సామాన్యమైన సంగతి కాదు. ఆ మనిషికి ఆ సుత్తి ఖరీదు గిట్టుబాటే.

అక్కడ కూడా ఇప్పుడు ఎక్కువ మేకులను గాలి ఒత్తిడితో పనిచేసే తుపాకీ వంటి యంత్రాలు దించుతున్నాయి. సుత్తి పని తగ్గింది. ఆ మిగిలిన పనికి, నడుముకు రోజంతా వేలాడే బరువు తగ్గడానికి, వారు తేలిక సుత్తి కొంటున్నారు.

ఇక సిరిగేరికి వద్దాం. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీళ్లు వదిలిన తరువాత ఈ చుట్టుపక్కల భూముల తీరు మారిపోయింది. జొన్న, పత్తి పండే నల్లరేగడిలో వరి వచ్చింది. కోస్తా జిల్లాల నుంచి తెలుగు రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. అదే 1953లో రాష్ట్రాల గీత గీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఆంధ్రలో చేరాయి, సిరుగుప్ప ఇటు మైసూరులో చేరింది. గీత ఎటు పడినా మాట తెగలేదు. కన్నడమూ తెలుగూ ఒకే అరుగు మీద కూర్చుంటాయి. వడ్రంగీ, కమ్మరీ రెండు భాషల్లోనూ బేరం చేయగలరు.

వెనుకటి రోజుల్లో ఈ వృత్తులవారు ఆయగాండ్రు. నాగలి, గుంటక, గొర్రు చేసి ఇచ్చినందుకు, కర్రు సాగగొట్టి ఇచ్చినందుకు, సుగ్గి కాలంలో కళ్లంలోనే వారి మేర గింజలు వారికి కొలిచేవారు. ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది, వరికోత యంత్రం వచ్చింది. మేర పోయింది, కూలి వచ్చింది. కూలికి పనిచేసేవాడు తన పనిముట్టు తానే కొనుక్కోవాలి. కాబట్టి పనిముట్టు ధర ఇప్పుడు నేరుగా ఇంటి ఖర్చులోంచి పోయే సొమ్ము. ఈ మాట గుర్తుంచుకుని, సుత్తి పట్టేవారిని ఒక్కొక్కరినే చూద్దాం.

మొదట వడ్రంగి. మన వడ్రంగి పని మేకుల మీద తక్కువ, అతుకుల మీద ఎక్కువ. దర్వాజా చట్రం చేసేటప్పుడు ఒక కర్రలో తొలి చేసి, రెండో కర్ర కొన చెక్కి, అందులోకి బిగిస్తాడు. ఉలిని కొట్టడానికి చెక్క గూటం వాడతాడు. చిన్న మేకైతే బాడిస వీపుతోనే కొట్టేస్తాడు. ప్లైవుడ్ పనులు వచ్చాక మేకు స్థానంలో స్క్రూ వచ్చింది. దానిని బిగించడానికి బ్యాటరీ యంత్రం వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యమైనది, మన వడ్రంగి వాడే కొమ్ముల సుత్తి చాలావరకు అర కిలో లోపుదే. దాని నుంచి 400 గ్రాములకు దిగితే తగ్గేది యాభై, వంద గ్రాములే. అమెరికా వడ్రంగికి కలిగిన లాభం ఇతనికి కలగదు. ఎందుకంటే ఇతను అంత బరువు ఎప్పుడూ మోయలేదు. పైగా 340 గ్రాముల ఉక్కు సుత్తి బళ్లారి అంగళ్లలోనే కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. తేలికే కావాలంటే అది చాలు.

రెండోవారు సెంట్రింగ్ పనివారు. స్లాబు వేయడానికి ముందు పలకలు పరిచి, కింద గుంజలు నిలబెట్టి, మేకులు కొట్టి, స్లాబు గట్టిపడ్డాక మళ్లీ అన్నీ ఊడదీసేవారు. అమెరికా చట్రం వడ్రంగికి మన ఊళ్లో దగ్గరగా ఉన్నది వీరే. తల పైన పని, నిచ్చెన మీద పని, దెబ్బలు ఎక్కువ. తేలిక సుత్తి నిజంగా ఉపకరించేది వీరికే. కాని వీరు పలకలు ఊడదీసేటప్పుడు సుత్తి కొమ్ములను గడ్డపార లాగా వాడతారు. కాంక్రీటును కొడతారు, ఇనుప కడ్డీని కొడతారు. టైటానియం ముఖం గట్టి ఉక్కు ముఖం లాగా ఈ మొరటు దెబ్బలకు ఆగదు. దాని గరుకు అరిగిపోతుంది. అందుకే కొన్ని ఖరీదైన రకాల్లో టైటానియం తలకు మార్చుకోవడానికి వీలైన ఉక్కు ముఖం బిగిస్తారు. ఆ ముఖం అరిగితే సిరుగుప్ప సంతలో దొరకదు. పైగా ఇలాంటి పనిచోట నలుగురి సామాను ఒకచోట పడి ఉంటుంది. ఇరవై వేల సుత్తి అక్కడ పోగొట్టుకున్నవాడికి రాత్రి నిద్ర పట్టదు.

మూడోవాడు కమ్మరి. దాగలి మీద ఎర్రగా కాలిన ఇనుమును సాగగొట్టాలంటే బరువు కావాలి. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించాలంటే సమ్మెట కావాలి. ఇక్కడ తేలిక గుణం కాదు, లోపం. నాలుగోవారు రాయి కొట్టేవారు. వీరు నేరుగా రాతిని కొట్టినా, ఉలిని కొట్టినా, ఎదురుగా ఉన్నది బరువైన వస్తువు. తేలిక సుత్తి బరువైన ఉలి మీద పడితే వెనక్కి ఎగురుతుంది, శక్తి ఉలిలోకి పోదు. మేకు చిన్నది కాబట్టి తేలిక సుత్తికి లొంగింది. ఉలి లొంగదు. వీరిద్దరికీ టైటానియం సుత్తి ఉచితంగా ఇచ్చినా పనికిరాదు.

ఇందులో ఒక విచిత్రం చూశారా? రోజులో అందరికంటే ఎక్కువ దెబ్బలు కొట్టేది, అందరికంటే ఎక్కువ చేతి నొప్పి పడేది రాయి కొట్టేవారు, కమ్మరులు, సెంట్రింగ్ కూలీలు. ఖరీదైన సుత్తి వారికి పనికిరాదు, లేదా అందదు. దానిని కొనగలిగినవాడు సాధారణంగా ఇంట్లో నెలకు పది మేకులు కొట్టేవాడు. అతనికి అది ముచ్చట తీర్చుకునే వస్తువు. ముచ్చటను తప్పుపట్టనక్కరలేదు గాని, దానిని పనిముట్టు అని పిలవలేం.

మరమ్మతు సంగతి కూడా ఆలోచించాలి. ఉక్కు సుత్తి ముఖం చెదిరితే ఊళ్లో కమ్మరి కొలిమిలో పెట్టి సరిచేస్తాడు, కాల్చి నీటిలో ముంచి మళ్లీ గట్టిపరుస్తాడు. టైటానియాన్ని మన కొలిమిలో పెడితే గాలిని పీల్చుకుని పెళుసుబారుతుందని ఇందాక చెప్పుకున్నాం. దానిని అతకాలన్నా ఆర్గాన్ అనే వాయువు చాటున అతకాలి. అంటే ఆ సుత్తి చెడితే సిరిగేరిలో దానికి వైద్యుడు లేడు. ఊరి కమ్మరి ముట్టుకోలేని పనిముట్టు ఊరి పనివాడికి ఎంతవరకు సొంతమవుతుందో మీరే చెప్పండి.

ఇక ఆరోగ్యం. ఇదే అసలైన విషయం. సుత్తి పట్టేవారికి మోచేతి బయటి ఎముక దగ్గర నొప్పి రావడం సాధారణం. బరువైన చెంబు ఎత్తితే కలుక్కుమంటుంది. తడిగుడ్డ పిండితే నొప్పి. 1997లో అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ విషయమై అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను సమీక్షించింది. బలంగా చేయడం, పదేపదే చేయడం, చేయి వంకరగా పెట్టి చేయడం, ఇవి కలిసి వచ్చినప్పుడు మోచేతి జబ్బు వస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయని తేల్చింది. గమనించండి, బరువు ఒక్కటే కారణం కాదు. ఇవి కలిసినప్పుడు ముప్పు ఎక్కువ. సుత్తి బరువు తగ్గిస్తే బలం భాగం కొంత తగ్గుతుంది. మిగిలిన రెండింటినీ ఏ లోహమూ తగ్గించలేదు. వాటిని తగ్గించేది పనివాడి అలవాటు. తల పైన కొట్టే పనిని ఒక్క బిగిని చేయకుండా మధ్యలో కింది పని కలుపుకోవాలి. నిచ్చెన ఒక మెట్టు ఎక్కితే చేయి భుజం కిందికి వస్తుంది. పిడిని అదిమి పిసకకుండా, దెబ్బ తగిలే క్షణంలో పట్టు కొంచెం సడలించాలి. నొప్పి మొదలైన వారంలోనే చేతికి విశ్రాంతి ఇచ్చి వైద్యుడికి చూపించుకుంటే తేలికగా పోతుంది. ఏడాది దాచుకుంటే అది పనినే దాచేస్తుంది.

దెబ్బ అదురు గురించి కూడా చెబుతారు. టైటానియం ఉక్కు అంత బిర్రుగా ఉండదు. ఆ బిర్రుదనం సుమారు సగం. కాబట్టి అదురు కొంత తక్కువ తెలుస్తుందన్న మాటలో అర్థం ఉంది. కాని చేతికి అదురు చేరేది పిడి గుండా. తల ఏ లోహమైనా, మంచి కర్ర పిడి ఆ అదురును చాలావరకు మింగేస్తుంది. ఈ సత్యం మన పెద్దలకు తెలుసు. అందుకే పనిముట్టు కామకు నల్లతుమ్మ, చిరుమాను వంటి గట్టి, సాగే గుణం గల కర్రలను ఏరి వాడారు. అమెరికావారు హికరీ అనే కర్రను ఏరుకున్నారు. ఎవరి అడవిలో ఉన్నది వారు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఒక వడ్రంగికి రోజుకు 800 రూపాయలు వస్తుందనుకుందాం. 20,000 రూపాయల సుత్తి అంటే 25 రోజుల పని. చేతిలో లేక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకోండి, నెలకు 600 రూపాయలు వడ్డీయే. ఏడాదికి 7,200. అసలు అలాగే ఉంటుంది. ఆ సుత్తి ఇతని సంపాదనను నెలకు 600 రూపాయలు పెంచుతుందా? మేకు మూడు దెబ్బలకు బదులు రెండు దెబ్బల్లో దిగినంత మాత్రాన దర్వాజాకు ఇచ్చే కూలి పెరగదు.

దీని పక్కన మరొక అంకె పెట్టి చూడండి. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం ప్రారంభించింది. 18 చేతివృత్తులకు అది వర్తిస్తుంది. వడ్రంగి, కమ్మరి, రాయి కొట్టేవారు, తాపీపనివారు ఉన్నారు. సుత్తులు, పనిముట్లు తయారుచేసేవారిని కూడా ఒక వృత్తిగా అందులో చేర్చారు. ఈ పథకం కింద శిక్షణ సమయంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం, ఆపైన తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయలు, రెండో విడత రెండు లక్షల దాకా రుణం అని నిర్ణయించారు. గమనించవలసింది ఆ 15,000 అంకె. ఒక వృత్తిదారుడి మొత్తం పనిముట్ల పెట్టెకు ప్రభుత్వం కట్టిన సాయం, మంచి టైటానియం సుత్తి ఒక్కదానికి చాలదు. ఆ సొమ్ముతో బ్యాటరీ డ్రిల్లు, మంచి రంపాలు, ఉలులు, చిత్రిక, కళ్లద్దాలు, రెండు రకాల సుత్తులు వస్తాయి. స్క్రూ బిగించే యంత్రం ఒక్కటే మోచేతికి చేసే మేలు, ఏ సుత్తీ చేయలేదు. ఎందుకంటే అది దెబ్బ బరువును కాదు, దెబ్బనే తప్పిస్తుంది.

మరి మంచి సుత్తి ఎలా ఎంచుకోవాలి? నాగౌర్, జలంధర్ వంటి చోట్ల తయారైన మేలైన ఉక్కు సుత్తులు మన అంగళ్లకు వస్తున్నాయి. కొనేముందు నాలుగు సంగతులు చూడండి. ఒకటి, బరువు. పైపని, ప్లైవుడ్ పని చేసేవారికి 340 గ్రాములు, దర్వాజాలు, మొద్దు పనులు చేసేవారికి అర కిలో. ఒకే సుత్తితో అన్నీ చేయబోవద్దు. రెండు, తల రంధ్రంలో పిడి కూర్చున్న తీరు. తల ఊడి ఎగిరితే ఎదుటివాడి ప్రాణానికే ముప్పు. చెక్క చీల, ఇనుప చీల గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. ఎండాకాలంలో కర్ర కుదించుకుపోతుంది కాబట్టి నెలకొకసారి చీల బిగించుకోవాలి. మూడు, పిడి. గీతలు పిడి పొడవునా సాగి ఉండాలి, అడ్డంగా పోతే విరుగుతుంది. మీ అరచేతికి తగినట్టు మీరే చిత్రిక పట్టుకోండి. సన్నటి పిడి పట్టును బిగింపజేస్తుంది, లావైనది జారుతుంది. నాలుగు, ముఖం. కొంచెం ఉబ్బుగా, అంచులు చెక్కినట్టు ఉండాలి. ఒక సుత్తి ముఖాన్ని మరొక సుత్తితో ఎన్నడూ కొట్టవద్దు. గట్టి ఉక్కు పెచ్చు లేచి కంట్లో పడుతుంది.

చివరగా, టైటానియం సుత్తిని పూర్తిగా తోసిపుచ్చడం కూడా అన్యాయమే. అది అయస్కాంతానికి అంటుకోదు. అందుచేత ఆసుపత్రుల్లో ఎమ్మారై యంత్రం దగ్గర, భూమిలో పాతిన మందుపాతరలు తీసేచోట అలాంటి పనిముట్లకు ధర చూడరు. విదేశాల్లో కర్ర ఇళ్లు కట్టే పనికి వెళ్లిన మన యువకుడు, రోజంతా తల పైన మేకులు కొట్టవలసి వస్తే, మొదటి నెల జీతంతో కాకపోయినా మూడో నెల జీతంతో దానిని కొనుక్కోవడం తెలివైన పనే. అక్కడ అది అతని వారం సంపాదనలో ఒక చిన్న భాగం. ఇక్కడ నెల సంపాదన. వస్తువు అదే, ధర అదే, కాని విలువ పట్టినవాడి చేతిని బట్టి మారుతుంది.

కాబట్టి చెట్టు కింద కూర్చున్న కుర్రవాడికి నా సలహా ఇది. రేపు ఒక రోజు పనిలో మీ సుత్తి ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. నూరు దాటకపోతే మీకు కావలసింది కొత్త లోహం కాదు, కొత్త పిడి. అయిదారు వందలు దాటితే ఒక తేలిక ఉక్కు సుత్తీ, ఒక బ్యాటరీ డ్రిల్లూ. మీ ఊరి కామన్ సర్వీస్ సెంటరుకు వెళ్లి విశ్వకర్మ పథకం సంగతి అడగండి. పక్కనున్న మామను కూడా వెంట తీసుకుపోండి. అక్కడి నుంచి అటే ఆసుపత్రికి తీసుకుపోయి ఆ మోచేయి చూపించండి. సుత్తి పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. చేతికి అలాంటి అంగడి లేదు.